ఖాళీ మడుగు మీద ఒట్టు

సిసోయి కత్తి కింద తల వంచని పూజారి మా గుడిలో ఒక్కడూ లేడు. అలెగ్జాండ్రియా అధికారులతో ఎదురెదురుగా కూర్చుని మాట్లాడే పెద్దల దగ్గర్నుంచి, పండగనాడు దేవుడి పడవని భుజాన మోసే కుర్రకారు దాకా అందరూ రోజు మార్చి రోజు గుడి వెనక గోడ నీడలో రాతి పీట మీద కూర్చుని అతనికి మెడ అప్పగించాల్సిందే. మా మొసలి దేవుడు సోబెక్‌కి వెంట్రుక పడదు. తల మీద గానీ, గడ్డం మీద గానీ, కనుబొమ్మల మీద గానీ ఒక్క వెంట్రుక కనిపించినా లోపలి గడప దాటకూడదు. పైగా ఆ కత్తి ఎవరు పడితే వాళ్ళు పట్టేది కాదు. దేవుణ్ణి చూసే తలని సిసోయి ఇంటి కత్తి తప్ప మరొకటి తాకకూడదు. వేరే చెయ్యి పడితే ఆ తల మైలపడిపోతుంది, ఇక ఏ చవుడుతో కడిగినా పోదు.

అంతమంది మెడలు చేతిలో ఉన్నవాడికి కాస్తయినా పొగరుండాలి కదా! సిసోయి ఎదురుగా గాడిద వస్తే పక్కకి తప్పుకుని దానికి దారిచ్చే మనిషి. గుడిలో ఎవరైనా గట్టిగా దగ్గితే, నేనేం తప్పు చేశానా అని తడుముకునేవాడు. కత్తి చేతిలోకి తీసుకున్నప్పుడు మాత్రం అతని నోటికి ప్రాణం వచ్చేది.

"కదలకండి పెద్దయ్యా," అనేవాడు సంఘం పెద్ద పకూసితో. "చెవి తెగిందంటే దేవుడు చెప్పేది మీకు సగమే వినపడుతుంది. ఇప్పటికే ఊళ్ళో వాళ్ళు అదే అంటున్నారు."

"నీ నాలిక్కి గుండు గీసేవాడు ఎప్పుడొస్తాడురా?" అని పకూసి నవ్వేవాడు. బండరాయిలాంటి మనిషి, నవ్వితే మాత్రం ముచ్చటగా ఉండేవాడు. ఆ నవ్వు చూసి ఎంతమంది మోసపోయారో చెప్పలేను.

సిసోయికి ఒక్కతే కూతురు. చిన్నతనంలోనే జ్వరం వచ్చి పోయింది. అప్పటికి అతను పూజారుల సంఘంలో లేడు. సంఘం వాళ్ళు నెలకోసారి కూడి బార్లీ బీరు తాగేవాళ్ళు, ఒకరి కష్టానికి ఒకరు నిలబడేవాళ్ళు. అన్నిటికంటే ముఖ్యం, ఎవరింట్లో ఎవరు పోయినా సంఘమంతా వచ్చి పాడె మోసేది. గుడి ముందు రాళ్ళ బాట మీద గుండెలు బాదుకుంటూ, పాటలు పాడుతూ ఇసుక దిబ్బల దాకా సాగనంపేది. సంఘంలో లేనివాడి చావు వాడి ఖర్మ. సిసోయి బిడ్డని రెల్లు చాపలో చుట్టి, పక్కింటి వాళ్ళ ఉల్లిపాయల గాడిద మీద వేసుకుని తీసుకుపోయాడు. కాలవ గట్టు మీద తాడు వదులై చాప ఒక పక్కకి జారింది. భార్య థైసా దాన్ని రెండు చేతులా పట్టుకుని, నోటితో తాడు లాగి మళ్ళీ కట్టింది. ఆ చాపకి ఉల్లిపాయల వాసన పట్టేసింది. ఆ తర్వాత థైసా బతికినన్నాళ్ళూ ఇంట్లో ఉల్లిపాయ తరగలేదు.

"నన్ను మాత్రం అట్లా పంపించమాకయ్యా," అంది ఆ సాయంత్రం, కాళ్ళకంటిన ఇసుక దులుపుకుంటూ. "మనుషులు మొయ్యాలి నన్ను. నలుగురు మనుషులు మొయ్యాలి."

సిసోయి జన్మలో ఎవర్నీ ఏదీ అడగనివాడు, మర్నాడే పకూసి కాళ్ళు పట్టుకున్నాడు. సంఘంలోకి తీసుకోవడానికి చాలాకాలం తిప్పించుకున్నారు. బీరు కుండలు మోయించారు, చెప్పులు తుడిపించారు. చివరికి ఒక ఉదయం మడుగు దగ్గరికి తీసుకెళ్ళి ఒట్టు పెట్టించారు.

ఒట్టు పెట్టే పద్ధతి చిన్నదే. కుడి చెయ్యి మణికట్టు దాకా మడుగులో ముంచి మాట చెప్పాలి. అప్పుడు దేవుడు రావాలి. మడుగు అవతలి ఒడ్డున ఎండ కాచుకునే ముసలి మొసలి చప్పుడు చెయ్యకుండా నీళ్ళలోకి జారి, కళ్ళు రెండూ పైకెత్తి చూడాలి. చూస్తేనే ఒట్టు ఒట్టు. చూడకపోతే అది ఉత్తి చెయ్యి కడుక్కోవడమే, దాన్ని ఎవరూ లెక్కలోకి తీసుకోరు. సిసోయి చెయ్యి ముంచి, లోపల జరిగింది బయట చెప్పను, తోటివాణ్ణి పరాయి అధికారికి పట్టివ్వను, తోటివాడి పాడె కింద భుజం పెడతాను అని వణుకుతూ చెప్పాడు. దేవుడు ఇంత దగ్గరికి వచ్చి చూశాడు. దేవుడి ఊపిరి చేతికి తగిలిందని సిసోయి ఇంటికెళ్ళి థైసాకి చెప్పాడు. ఆవిడ ఆ చేతిని చాలాసేపు పట్టుకుని కూర్చుంది.

తర్వాత కొన్నేళ్ళు బాగానే గడిచాయి. సిసోయి చాలామంది పాడెలు మోశాడు. భుజం మీద కాయ కాసింది. దాన్ని థైసాకి చూపించి, "ఇదిగో, నీకోసం అప్పులిచ్చి పెట్టుకుంటున్నా," అనేవాడు. ఆవిడ నవ్వేది.

థైసాకి పొట్ట వాచే జబ్బు వచ్చిన ఏడాది, వరదకి ముందు ఎండలు మాడ్చేస్తున్న రోజుల్లో, సిసోయి పకూసికి గుండు గీస్తున్నాడు. సగం అయింది. దేవుడికి మేత వేసే హర్పాగతి గోడ పక్క నుంచి వచ్చి నిలబడ్డాడు. అతను సిసోయికి సంఘంలో అందరికంటే దగ్గరివాడు. ఇద్దరూ బావా అంటే బావా అని పిలుచుకునేవాళ్ళు. హర్పాగతి పెదాలు తెల్లబడిపోయి ఉన్నాయి.

"లోపలికి వెళ్ళాడు," అన్నాడు.

దేవుడు చచ్చిపోయాడని ఎవరూ అనరు. ఆ మాటకి మా దగ్గర నోరు లేదు. లోపలికి వెళ్ళాడంటారు, అంతే. పకూసి సిసోయి మణికట్టు పట్టుకున్నాడు.

"కత్తి దించు."

"మిగతా సగం పెద్దయ్యా?"

"దించమన్నానా!"

సిసోయి దించాడు. దేవుడు లోపలికి వెళ్ళినప్పటి నుంచి కొత్త ఒంట్లోకి వచ్చేదాకా పూజారి తల మీద కత్తి పడకూడదు. పాత ఒంటిని ఉప్పులో ఆరబెట్టి, గుడ్డలు చుట్టి, ఇసుకలో పెట్టేదాకా డెబ్బై రోజుల మైల. ఈలోగా హర్పాగతి ఊరి పక్క సరస్సంతా గాలించి సరైన గుర్తులున్న పిల్ల మొసలిని పట్టుకు రావాలి. అది మడుగులో పడేదాకా సంఘం బయట ఒక్క ప్రాణికి తెలియకూడదు. పెళ్ళాలకి కూడా. దేవుడు దారిలో ఉన్నాడని ఎవరైనా పైకి అన్నారా, ఆయన దారి తప్పుతాడు. వరద రాదు. ఆ భయం సంఘంలో అందరికీ ఎముకల్లో ఉంది, పకూసికి కూడా.

అందుకని ఏమీ జరగనట్టే రోజులు నడిచాయి. పొద్దున్నే రొట్టెలూ మాంసం ముక్కలూ పళ్ళెంలో పెట్టి పాటలు పాడుతూ తీసుకెళ్ళి మడుగులో పడేసేవాళ్ళు. తినేవాడు లేడు. రొట్టెలు ఉబ్బి తేలేవి, మాంసం అడుక్కి పోయి కుళ్ళేది. గుడి వెనక గాలి తిరిగితే వాసన వచ్చేది. గోడ అవతల ఆడవాళ్ళు, ఎండలకి నీళ్ళు చెడుతున్నాయి కాబోలు అనుకునేవాళ్ళు. పూజారులందరి తలల మీదా నల్లగా, తెల్లగా మోళ్ళు లేచాయి. నార గుడ్డలు చుట్టుకుని, ఊళ్ళోకి రాకుండా గుడిలోనే తిరిగేవాళ్ళు. సిసోయి సాన రాయి ముందు ఊరికే కూర్చునేవాడు. పనిలేని చేతులు అతన్ని భయపెట్టేవి.

తనిఖీ అధికారి ఏటా వరద తీశాక వచ్చేవాడు. ఆ ఏడు ముందే బయల్దేరాడు. ఎందుకో ఎవరికీ తెలియదు. సరస్సు మీద చేపలు పట్టేవాడొకడు, దొరగారి పడవ పక్క ఊరి రేవులో ఉంది, రేపో ఎల్లుండో ఇక్కడికే అని చెప్పి పోయాడు. రోము వాళ్ళ రాజ్యంలో పూజారికి జుట్టుండటం నేరం. ఉన్ని బట్ట కట్టినా నేరమే. పట్టుబడితే పూజారితనం ఊడిపోతుంది. ఒక్కరైతే ఒక్కరికి. ఇప్పుడు గుడి గుడంతా మోళ్ళతో ఉంది.

సంఘం బీరు తాగే గదిలో కూడింది. సిసోయి ఎప్పటిలాగే గుమ్మం దగ్గర చివర కూర్చున్నాడు. పకూసి కుండ తీసుకుని లేచి, అందర్నీ దాటుకుంటూ వచ్చి, మొదటి గిన్నె అతనికి పోశాడు. అన్నేళ్ళలో ఏనాడూ అట్లా జరగలేదు. సిసోయి గిన్నె వంక చూశాడు గానీ నోటి దగ్గర పెట్టుకోలేదు.

"గీసేయమంటారా పెద్దయ్యా?" అన్నాడు. "పొద్దుగూకే లోపల అందరివీ గీసేస్తాను."

"దేవుడు దారిలో ఉంటే కత్తి పెడతావా? పెట్టి ఎక్కడ బతుకుతావ్? మనమెక్కడ బతుకుతాం?"

"ఉన్న సంగతి చెప్పేస్తే? ఫలానా మైల పట్టామని..."

గదిలో అందరూ ఒక్కసారి అతని వంక తిరిగారు.

"గుండ్లెందుకు లేవంటాడు దొర," అన్నాడు పకూసి మెల్లగా. "గీసేవాడు గీయలేదంటాం. తాగి పడున్నాడంటాం. మరొకడి చెయ్యి మా తల మీద పడకూడదు, అది వాడికీ తెలుసు. అప్పుడు తప్పు ఒక్కడిదవుతుంది, గుడి మిగులుతుంది."

హర్పాగతి తన గిన్నెలోకి చూసుకుంటున్నాడు.

"నన్ను తీసుకుపోతారు," అన్నాడు సిసోయి.

"కొన్నాళ్ళు కాలవ గట్లకి మట్టి మోయిస్తారు. వరద పోయాక పంపించేస్తారు. నేను కనుక్కున్నాలే."

"ఇంట్లో ఆవిడ... ఆవిడ నేనొచ్చేదాకా ఉండదు పెద్దయ్యా."

"మేం లేమూ?" పకూసి వచ్చి అతని భుజం మీద, సరిగ్గా ఆ కాయ మీద, చెయ్యేశాడు. "థైసాని మా అమ్మని మోసినట్టు మోస్తాం. నేను ముందు పట్టుకుంటాను. చాలా?"

జన్మలో రెండోసారి సిసోయి ఒకటి అడిగాడు. "ఒట్టు పెట్టండి."

పకూసి ఒక్క క్షణం అతని మొహంలోకి చూశాడు. "పెడతాం, పద," అన్నాడు.

అందరూ మడుగు దగ్గరికి నడిచారు. అపరాహ్నపు ఎండకి నీళ్ళు కంచు పళ్ళెంలా మెరుస్తున్నాయి. పకూసి మోకాళ్ళ మీద కూర్చుని మణికట్టు దాకా చెయ్యి ముంచాడు. థైసా పాడె మోస్తాం అన్నాడు. వెనక అందరూ వరసగా ముంచారు, అదే మాట అన్నారు. హర్పాగతి ఏడుస్తూ అన్నాడు. అలవాటు కొద్దీ సిసోయి కళ్ళు అవతలి ఒడ్డు మీదికి పోయాయి. ఎవరూ దిగలేదు. ఏ కళ్ళూ పైకి లేవలేదు. పొద్దున వేసిన రొట్టె ముక్క ఒకటి ఉబ్బి, పకూసి చేతి దగ్గరికి తేలుకుంటూ వచ్చి ఆగింది.

మడుగు ఖాళీ అని సిసోయికి తెలియదా? తెలుసు. ఆ పెద్ద ఒంటిని మడుగులోంచి బయటికి లాగినవాళ్ళలో అతనూ ఒకడు. కానీ వారాల తరబడి లేని దేవుడికి పాటలు పాడి, మేత వేసి, ఉన్నట్టు నటించీ నటించీ మనిషికి అదే అలవాటైపోతుంది. పెద్దలంతా చేతులు తడుపుకుంటుంటే, మడుగు ఖాళీ కదా అనే ధైర్యం ఆ పిరికివాడికి ఎక్కణ్ణుంచి వస్తుంది?

ఇంటికి వెళ్ళి థైసా మంచం పక్కన కూర్చున్నాడు. రేపు దొరగారితో పట్నం వెళ్ళాలనీ, కొన్నాళ్ళు గుడి పనే అనీ చెప్పాడు. ఆవిడ అతని మొహం చదవగలదు.

"పనా, శిక్షా?"

"శిక్షే. చిన్నదే. గుడి కోసం."

ఆవిడ ఉబ్బిన పొట్ట మీద చేతులు పెట్టుకుని పైకప్పు చూస్తూ పడుకుంది. "నువ్వొచ్చేటప్పటికి నేనుండను," అంది మామూలుగా, పప్పులో ఉప్పు చాల్లేదని చెప్పినట్టు. "నన్నెవరు మోస్తారయ్యా?"

"సంఘం మోస్తుంది. పకూసి ముందు పట్టుకుంటానన్నాడు. అందరూ ఒట్టు పెట్టారు."

"నోటితోనా?"

"మడుగులో చెయ్యి ముంచి."

థైసా తల తిప్పి అతని వంక చూసింది. ఆ మొహంలోంచి భయం పోవడం సిసోయి కళ్ళారా చూశాడు. "దేవుడు చూశాడా?" అంది.

ఇంట్లో పెళ్ళానికి కూడా చెప్పకూడదు. సంఘంలో చేరేటప్పుడు ఆ ఒట్టు పెట్టిననాడు దేవుడు ఉన్నాడు, ఊపిరి చేతికి తగిలింది. అది చెల్లే ఒట్టు.

"ఆఁ, చూశాడు," అన్నాడు.

"అయితే నాకిక భయం లేదు." ఆవిడ కళ్ళు మూసుకుంది. "నువ్వెళ్ళి రా."

మర్నాడు అధికారి వచ్చాడు. నోరారా నవ్వే లావుపాటి మనిషి. ముందు మీ దేవుణ్ణి చూపించండన్నాడు. పట్నం వాళ్ళకి అదొక సరదా, తేనె రొట్టె పట్టుకొచ్చి మొసలి నోట్లో పడేసి పోయి, ఇంటి దగ్గర చెప్పుకుంటారు. అతను మడుగు అంచున నిలబడి రొట్టె విసిరాడు. అది తేలింది. అందరూ దానివంకే చూస్తూ నిలబడ్డారు.

"ఏం, మీ దేవుడికి ఆకలి లేదా?"

"ఎండలు కదండీ," అన్నాడు పకూసి తడబడకుండా. "అడుగున పడుకున్నాడు."

"ఏదో వాసన వస్తోంది."

"నీళ్ళు తగ్గాయండీ."

అధికారి ముక్కు మూసుకుని వెనక్కి తిరిగాడు. తిరిగినవాడు నవ్వడం మానేసి, తలగుడ్డలు తియ్యండన్నాడు. తీశారు. అతను ఒక్కొక్కరి ముందూ ఆగి, చేత్తో తడిమి మరీ చూశాడు.

"ఇవి గుండ్లా, కోసిన బార్లీ చేలా?"

అప్పుడు సిసోయి ముందుకొచ్చి నేల మీద పడ్డాడు. నేర్పిన మాటలన్నీ వరసగా చెప్పాడు. తాగానన్నాడు, కత్తి కాలవలో పోగొట్టానన్నాడు, వీళ్ళ తప్పేం లేదన్నాడు. మిగతావాళ్ళు ఒకరికొకరు గీసుకోలేకపోయారా అని దొర అడిగితే పకూసి కట్టుబాటు వివరించి చెప్పాడు. అధికారి నమ్మాడో లేదో గానీ, ఒక్కణ్ణి పట్టుకుపోతే పని తేలికవుతుందని మాత్రం అతనికి అర్థమైంది. సిసోయిని ఇక పూజారుల్లో లెక్కపెట్టరాదని అక్కడే అందరి ముందూ ప్రకటించి, పడవ ఎక్కించాడు. పడవలోంచి సిసోయి హర్పాగతి వైపు చెయ్యి చాచి, నాలుగు వేళ్ళు చూపించాడు. నలుగురు మనుషులు. హర్పాగతి తల ఊపాడు.

ఎక్కడో ఉత్తరాన కాలవ గట్ల మీద సిసోయి మట్టి మోశాడు. పాడెలు మోసి కాయ కాసిన చోటే కావడి బద్ద ఒత్తుకునేది. జుట్టు పెరిగింది, గడ్డం పెరిగింది. వరద వచ్చింది, అంటే దేవుడు దారి తప్పకుండా చేరాడన్నమాట. ఆ నీళ్ళు చూసి అతను సంతోషించాడు కూడా. వరద తియ్యక ముందే అతన్ని వదిలేశారు. విడిపించింది జాలి కాదు, గుండ్లు. దేవుణ్ణి ఇసుకలో పెట్టారు, మైల తీరింది. తలలు గీసేవాడు లేక లోపలి గడప దాటే పూజారి లేడు. పకూసి ఎవరెవర్నో పట్టుకుని, ఈ ఒక్కడు లేకపోతే గుడి నడవదని మొర పెట్టుకున్నాడు.

సిసోయి గుడి వైపు వెళ్ళకుండా తిన్నగా ఇంటికి పోయాడు. తలుపు బయట గడియ పెట్టి ఉంది. పక్కింటి సెగాతి పిండి చేతులతో బయటికి వచ్చి, ఆ గడ్డం లోపల మనిషిని గుర్తుపట్టి, గోడకి ఆనుకుంది.

"ఎప్పుడు?" అన్నాడు.

"పాత దేవుణ్ణి ఇసుకలో పెట్టడానికి ఊరేగించిన పొద్దున, అన్నా. మాకప్పుడే తెలిసింది దేవుడు మారాడని. నేను గుడి దగ్గరికి పరిగెత్తా. అందరూ పాడె ఎత్తడానికి నిలబడి ఉన్నారు. వదిన పోయిందని చెప్పా. మనిషి శవాన్ని ముట్టుకుంటే దేవుడి పాడె ముట్టుకోకూడదన్నారు. పోనీ రేపు రండయ్యా, అన్నా. సిసోయి పేరు పూజారుల్లోంచి పోయింది, పూజారి కానివాడు సంఘంలో ఉండడు, వాడి పెళ్ళాం మాకేమవుతుంది, అన్నాడు ఆ పెద్దాయన."

"హర్పాగతి?"

"ఏడ్చాడు. ఏడుస్తానే దేవుడి కింద భుజం పెట్టాడు." సెగాతి పిండి చేతుల్ని కట్టుకున్న బట్టకి తుడిచింది, మళ్ళీ తుడిచింది. "ఎండ కదన్నా. ఉంచలేకపోయా. నేనొక్కదాన్నే మొయ్యలేను కదా."

"దేని మీద?" అన్నాడు సిసోయి. అతనికి తెలుసు. అయినా అడిగాడు.

సెగాతి మొహం చేతుల్లో దాచుకుంది. "మా గాడిద మీదేనన్నా," అంది.

సిసోయి గడప మీద కూర్చుండిపోయాడు. గట్ల మీద రాళ్ళు పడినా కన్నీరు పెట్టనివాడు పసిబిడ్డలా వెక్కివెక్కి ఏడ్చాడు. దేవుడు చూశాడని ఆవిడతో అబద్ధం చెప్పాడు. ఆవిడ ఆ అబద్ధాన్ని పట్టుకుని కళ్ళు మూసుకుంది.

గుడి వెనక గోడ నీడలో అందరూ వరసగా కూర్చుని ఎదురు చూస్తున్నారు. అతన్ని లోపలికి రానివ్వరు గనక రాతి పీటని గేటు బయటికి జరిపారు. పకూసి ముందుగా వచ్చి కూర్చున్నాడు. సిసోయి కత్తి సాన పట్టాడు. చాలాసేపు పట్టాడు. ఆ చప్పుడుకి వరసలో మాటలు ఆగిపోయాయి. నీళ్ళు చల్లి, పకూసి తల వెనక్కి వంచి, కత్తి గొంతు మీద ఆనించాడు.

పకూసికి చెమట పట్టింది. "ఒరే సిసోయీ," అన్నాడు కదలకుండా. "ఆ రోజు మడుగులో ఎవరున్నారు? నీకూ తెలుసు, నాకూ తెలుసు. వినేవాడు లేని ఒట్టు ఒట్టు కాదు. నేను కట్టుబాటు తప్పలేదు."

"తప్పలేదు పెద్దయ్యా. దేవుడు లేనప్పుడు పెట్టిన ఒట్టు చెల్లదు." కత్తి గొంతు మీద నుంచి గడ్డం కిందికి మెల్లగా జరిగింది. "దేవుడు లేనప్పుడు నేను మోసిన నింద మాత్రం చెల్లిందే. అదెట్లా?"

సిసోయి ఒక్క గాటు కూడా పడకుండా గీశాడు. తర్వాతివాడు వచ్చి కూర్చున్నాడు.

ఆ తర్వాత అతను చాలా ఏళ్ళు బతికాడు. రోజు మార్చి రోజు గేటు బయట కూర్చుని అందరి తలలూ నున్నగా గీసేవాడు, తన తల మాత్రం ముట్టుకోలేదు. జుట్టు వీపు మీద పడేది, గడ్డం బొడ్డు దాకా దిగింది. దేవుడికి డెబ్బై రోజులు పట్టిన మైల అతను థైసాకి జన్మంతా పట్టాడు. నోరు మెదిపేవాడు కాదు. నోరు లేని ఆ కత్తి కింద కూర్చోవాలంటే పూజారులకి ఒళ్ళు జలదరించేది. హర్పాగతి ఒకసారి కాళ్ళ మీద పడి, బావా, నిన్ను మళ్ళీ సంఘంలోకి తీసుకుంటామన్నారు, రా, అన్నాడు. సిసోయి అతన్ని లేపి, మెడ పక్కకి వంచి, గీయడం మొదలుపెట్టాడు.

వయసు మీద పడుతుంటే పకూసికి కొత్త భయం పట్టుకుంది. "ఎవర్నైనా పెంచుకోరా," అని బతిమాలాడు. "ఆ కత్తి నేర్పించు. నీ వంశం ఆగిపోతే మా గతేం కాను?"

చాలాకాలం తర్వాత ఆ రోజే సిసోయి మాట్లాడాడు. "వంశమా పెద్దయ్యా? అది ఎప్పుడో గాడిద మీద పోయింది."

సిసోయి ఒక ఉదయం లేవలేదు. కబురు తెలిసి సంఘం సంఘమంతా పాడె పట్టుకుని వచ్చింది. మంచి నార గుడ్డ తెచ్చారు, ఏడవడానికి ఆడవాళ్ళని తెచ్చారు. పకూసి నడవలేకపోయినా కర్ర పట్టుకుని వచ్చాడు. గుమ్మంలో సెగాతి నిలబడి ఉంది. పక్కన గాడిద. దాని మీద రెల్లు చాప చుట్టి, గట్టిగా కట్టి ఉంది.

"మీరు ముట్టుకోవద్దన్నాడు," అంది. "ఆయన మాట."

"కత్తి ఏదమ్మా?" అన్నాడు పకూసి.

"అదీ చాపలోనే పెట్టమన్నాడు. పెట్టా."

ఆవిడ తాడు పట్టుకుని నడిచింది. ఏం చెయ్యాలో తోచక వాళ్ళందరూ ఖాళీ పాడె భుజాన వేసుకుని, గాడిద వెనక దూరంగా నడిచారు. గీయించుకోవాల్సిన రోజు కావడంతో ఒక్కొక్కరి తల మీదా అప్పుడే మోళ్ళు పొడుచుకొస్తున్నాయి. కాలవ గట్టు మీద నిలబడి చూసినవాళ్ళు, పాపం, గుడి వాళ్ళంతా సిసోయికి మైల పట్టారని చెప్పుకున్నారు. పకూసి నడుస్తూ నడుస్తూ చేత్తో తల తడుముకుని ఆగిపోయాడు.

ఆ మైల ఎప్పుడు తీరుతుందో ఎవరూ చెప్పలేకపోయారు. మడుగులో దేవుడు బతికే ఉన్నాడు, అవతలి ఒడ్డున ఎండ కాచుకుంటున్నాడు. తలల మీద మాత్రం వెంట్రుకలు పెరుగుతున్నాయి. తనిఖీ పడవ వచ్చే రోజులు దగ్గరపడ్డాయి. సంఘం బీరు గదిలో కూడినప్పుడు మొదటి గిన్నె ఎవరికి పోస్తారోనని, గుమ్మం దగ్గర చివర కూర్చోవడానికి ఒక్కడూ ఒప్పుకోలేదు.